ఏనుగు చచ్చిందా లేదా

ఆ ఆదివారం అరవింద్ పెట్టుకున్న పని ఒక్కటే: నోరు మూసుకొని కూర్చోవడం. పొద్దున్నే తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, బుగ్గన ఒక వక్క ముక్క పెట్టుకున్నాడు. వక్క ఉన్నంతసేపు మాటలు బయటికి రావని అతని నమ్మకం. భార్య వనితకు అంత నమ్మకం లేదు. ఉప్మా గిన్నెను సంచిలో సర్దుతూ అతన్ని ఎగాదిగా చూసి, "ఇంకో నాలుగు ముక్కలు జేబుల ఏసుకో. ఒక్క వక్కతోని ఆగే నోరా నీది?" అంది.

కోరుట్లలో అరవింద్‌ది జిరాక్సు, డీటీపీ దుకాణం. ఊళ్లో పెళ్లి పత్రికలు చాలావరకు అతని చేతిమీదుగానే పోతాయి. పెళ్లికొడుకు తాత పేరులో దీర్ఘం ఎగిరిపోయినా అతని కన్ను పట్టేస్తుంది. తీరిక దొరికినప్పుడల్లా ఆ కన్నుకు వేరే పని ఉంది. మూడేళ్లుగా అతను బల్ల మీద ఆడే యుద్ధపు ఆట ఒకటి తయారు చేస్తున్నాడు. పేరు ఖిల్లా. రెండడుగుల అట్ట మీద కోట, వాగు, పొలాలు గీసి ఉంటాయి. వాటి మీద బొటనవేలంత బొమ్మలు కదులుతుంటాయి. సిపాయిలు, విలుకాండ్లు, ఒక ఏనుగు. సిరిసిల్లలో అక్క బాలమణి ఇంట్లో మూలపడ్డ పాత నూలు కండెలను బిళ్లలుగా కోసి, వాటి మీద ఈ బొమ్మలను నిలబెట్టాడు. రంగులు వేసింది వనిత. ముఖాలకు వేసే రంగు నడుమ అయిపోతే ఆమె ఆగలేదు, ఎర్రటి గోళ్ల రంగు అందుకుంది. అందుకే ఖిల్లా సైన్యమంతా ఎవరో తిట్టినట్టు ఎర్రబడ్డ ముఖాలతో ఉంటుంది.

హైదరాబాద్‌లో ఇలాంటి ఆటలను అచ్చువేసి అమ్మే చిన్న కంపెనీ ఒకటుంది. అరవింద్ పంపిన ఫొటోలు చూసి అక్కడ పనిచేసే సృజన ఫోన్ చేసింది. ఆమెది జగిత్యాలే.

"అన్నా, బొమ్మలు మస్తున్నయి. గని అచ్చు వెయ్యాలంటే ఒక పరీక్ష ఉంటది. ఈ ఆట ముఖం చూడనోళ్లు మీ నియమాల కాగితం చదువుకొని, వాళ్లంతట వాళ్లే ఆడాలె. కొనుక్కున్నోళ్ల డబ్బాల మీరుండరు గద, కాగితమే ఉంటది. ఆదివారం నేను జగిత్యాలకు వస్తున్న, అట్నే కోరుట్లకు వచ్చి చూస్త. మీరు నోటితోని ఒక్క నియమం చెప్పినా ఆట పక్కకు పెడుత."

ఆ ఫోన్ వచ్చిన రోజు నుంచి అరవింద్‌కు సంతోషం, భయం రెండూ కలిసే పట్టుకున్నాయి. భయమంతా కాగితం గురించి, అందులోనూ ఏడో నియమం గురించి. 'దాడి తగిలిన బొమ్మకు నష్టం జరుగును' అని అతను ఎంతో ముచ్చటపడి రాసుకున్న వాక్యమది. అచ్చుతప్పు ఒక్కటీ లేదు. కానీ ఆ వాక్యం పోయిన దసరాకు రెండు సంసారాల మధ్య చిచ్చు పెట్టింది.

అక్క మొగుడు జైపాల్ సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, బాగుచేసే మిస్త్రీ. పండుగకు వచ్చి, తన విలుకాడితో అరవింద్ ఏనుగును కొట్టాడు. పాచిక మీద ఆరు పడింది.

"తగిలింది! ఏనుగు సచ్చింది!" అన్నాడు జైపాల్.

"తగిలింది బావా, గని సావలే. దానికి ఐదు పానాలున్నయి. ఎంత దెబ్బ తాకిందో ఇప్పుడు నష్టం పాచిక ఎయ్యాలె," అన్నాడు అరవింద్.

"తగిలినంక మల్ల పాచికేందిర? తగిలితే నష్టం జరుగును అని నువ్వే రాసినవ్. నష్టమంటే పోవుడే గద!"

మాట మాట పెరిగింది. చివరికి జైపాల్ లేచి, "సచ్చినదాన్ని బల్ల మీద పెట్టుకొని కూసుంటరా ఎవలన్న?" అంటూ ఏనుగును చొక్కా జేబులో వేసుకొని సిరిసిల్ల బస్సెక్కాడు. అప్పటి నుంచి బావకూ బావమరిదికీ మాటల్లేవు. ఖిల్లాలో ఏనుగు స్థానంలో ఖాళీ అగ్గిపెట్టె నిలబడుతోంది.

పరీక్షకు కొత్తవాళ్లు కావాలి కాబట్టి అరవింద్ తన దుకాణంలోనే నలభై కరపత్రాలు కొట్టాడు. పైన పెద్ద ఎర్ర అక్షరాల్లో 'ఖిల్లా: బల్ల మీద బొమ్మల యుద్ధం' అని, కింద నల్ల అక్షరాల్లో మిగతా విషయం. ఏనుగు గొడవ బుర్రలో తిరుగుతుండటంతో ఆ విషయం ఇలా తయారైంది: 'దాడి, నష్టం నియమాలపై వివరణ. ఆదివారం ఉదయం పది గంటలకు, యువజన సంఘం హాలు, కోరుట్ల. ఇదివరకు ఏమీ తెలియనివారే రావలెను. అనుమానములన్నియు అక్కడే తీరును. నాష్తా కలదు.' దుకాణం పక్కనే పోటీ పరీక్షల కోచింగులో చదివే ఆరుగురికి తలా ఒకటి ఇచ్చాడు, వాళ్లు తప్పకుండా వస్తామన్నారు. ఒకటి బస్టాండు దగ్గర హోటల్ గోడకు అంటించాడు. ఒకటి ఫొటో తీసి అక్కకు పంపాడు, బావ చూస్తాడని.

ప్రింటర్లో ఎర్ర సిరా అయిపోయిందని మాత్రం చూసుకోలేదు. ఊరందరి పత్రికలకూ కాపలా కాసే కన్ను సొంత కాగితం దగ్గరికొచ్చేసరికి కునుకు తీసింది. పైన ఎర్ర శీర్షిక ఉండాల్సిన చోట తెల్లగా ఖాళీ.

ఆ ఖాళీని నింపే పని బీర్‌పూర్ రాజేశం చేశాడు. రాజేశం మక్కజొన్న రైతు. ఏదో పని మీద కోరుట్ల వచ్చి, హోటల్లో చాయ తాగుతూ గోడ మీది కాగితం చదివాడు. దాడి అంటే అతనికి తెలిసింది కోతుల దాడి. నష్టం అంటే పంట నష్టం. వెంటనే ఫొటో తీసి వాళ్ల ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద 'కోతుల సంగతి కావచ్చు' అని రాశాడు. రెండో గ్రూపుకు పోయేసరికి ఆ 'కావచ్చు' రాలిపోయింది. మూడో గ్రూపులో 'కోతుల సంగతి, అందరు రావాలె' అయింది.

ఇదేమీ తెలియని అరవింద్ ఆదివారం తొమ్మిదిన్నరకే హాలు తెరిచి, బల్ల వేసి, అట్ట పరిచి, సైన్యాన్ని నిలబెట్టాడు. పావుగంటకు ఫోన్ మోగింది. కోచింగు వాళ్ల సందేశం: 'అన్నా, ఇయ్యాల మాక్ టెస్టు పెట్టిన్రు, రాలేము.' అరవింద్ మాట్లాడకుండా ఫోన్ వనిత ముందు పెట్టాడు. ఆమె చదివి, ఉప్మా గిన్నె వైపు చూసింది. మూడేళ్ల కష్టం పదిమంది ఉప్మాతో సహా చల్లారబోతోందని ఇద్దరికీ అర్థమైంది.

అప్పుడే గుమ్మంలో ఒక ముసలామె నిలబడింది. చేతిలో గోనె సంచి.

"సారూ, దాడి నష్టం మీటింగు గిదేనా?"

అరవింద్ ప్రాణం లేచివచ్చింది. గబగబా తల ఊపాడు.

"నా పేరు రాములవ్వ. బీర్‌పూర్‌కెల్లి అచ్చిన. ఏం తెల్వనోళ్లే రావాలె అన్నరట గద. నాకైతే ఏం తెల్వది సారూ," అంటూ ఆమె నేరుగా బల్ల దగ్గరికొచ్చి, సంచిలోంచి సగం సగం కొరికిన మూడు మక్క కంకులు తీసి ఖిల్లా మీద పెట్టింది. "ఇగో, నష్టం."

అరవింద్‌కు ఏమీ అర్థం కాలేదు. కానీ మనిషి కొత్తది, రానే వచ్చింది, ఆట ముఖం చూడలేదు. ఆడడానికి వస్తూ కంకులు తెచ్చుకోవడం బీర్‌పూర్ పద్ధతి కాబోలనుకొని కుర్చీ చూపించాడు. ఇంతలో బయట ఒక ఆటో ఆగింది. దాని వెనక ఇంకొకటి. పది కొట్టేసరికి హాల్లో ఇరవై ఆరుగురున్నారు. అరవింద్ ముఖం వెలిగిపోయింది. వనిత మాత్రం ఉప్మాను మనసులోనే ఇరవై ఆరు భాగాలు చేస్తూ, "ఎంతమందికి పంచినవయ్యా కాగితాలు?" అని అతని చెవిలో అడిగింది.

వచ్చిన వాళ్లందరూ వరసగా బల్ల మీద తలా ఒకటి పెట్టసాగారు. కంకులు, పీకి పారేసిన పల్లి చెట్లు, ఫోన్లో ఫొటోలు. ఒకతను పంచె పైకెత్తి పిక్క మీద పంటి గాటు చూపించాడు. "నష్టం సంగతి తర్వాత సారూ, దాడి అంటే గిది." అప్పుడు అరవింద్‌కు మొదటిసారి అనుమానం వచ్చింది. రాజేశం చేతిలో ఉన్న కరపత్రాన్ని అందుకొని చూశాడు. పైన తెల్లటి ఖాళీ. ఆ కన్ను అప్పుడు తెరుచుకుంది.

జరిగింది చెప్పేద్దామని నోరు తెరవబోయాడు. సరిగ్గా అప్పుడే సృజన లోపలికొచ్చింది. జనాన్ని చూసి ఆశ్చర్యపోయి, మెచ్చుకోలుగా తల ఊపి, వెనక కుర్చీలో కూర్చొని నోటుబుక్కు తెరిచింది. పెదాల మీద వేలు పెట్టి అతనికి గుర్తుచేసింది కూడా. అరవింద్ నోరు మూసుకొని జేబులోంచి రెండో వక్క తీశాడు.

"వెనక కూసున్న మేడం పైనుంచే వచ్చినట్టున్నది, రాసుకుంటుంది," అని రాజేశం పక్కవాడితో గుసగుసలాడాడు.

"మరి గీ సారు ఉలుకడు పలుకడేంది?"

"పెద్ద ఆఫీసరే ఉంటడు. చిన్నోళ్లైతే మాట్లాడుదురు."

ఇక లాభం లేదని వనిత ముందుకొచ్చింది. ఆమెను ఎవరూ మాట్లాడొద్దనలేదు.

"అవ్వా, అన్నా, అందరు ఒక్కసారి ఇనుండ్రి. మీరు అనుకున్నది కాదు గిది. ఇది ఆట."

రాజేశం లేచి నిలబడ్డాడు. "మాకు గూడ గట్లనే అనిపిస్తుందమ్మా. రెండేండ్ల సంది మాతోని ఆటనే ఆడుతున్నరు."

"అయ్యో, గట్ల కాదన్నా! నిజంగనే ఆట!"

"నిజంగనే ఆట అని వీళ్లే ఒప్పుకుంటున్నరు. మేడం, రాసుకోండ్రి!"

సృజన ఏం రాసుకుందో కానీ ఏదో రాసుకుంది. వనిత తల పట్టుకొని ఉప్మా గిన్నె దగ్గరికి పోయింది. అరవింద్ మూడో వక్క వేసుకున్నాడు.

అదే సమయానికి సిరిసిల్ల నుంచి జైపాల్ దిగాడు. కరపత్రం ఫొటో చూసి, నాలుగు నెలల గొడవను నలుగురిలో తేల్చుకోవాలనే వచ్చాడు. రోజంతా సాంచాల చప్పుడులో అరిచి అరిచి అలవాటైన గొంతు అతనిది. బస్సులో పక్క సీటువాడికి తన బాధ మెల్లగా చెప్పుకుంటే బస్సంతా విన్నది. విన్నవాళ్లలో కోనరావుపేట దేవయ్య ఒకడు. తాటిచెట్లెక్కి కల్లు గీసే దేవయ్యకు రెండెకరాల మక్క చేను, దాని మీద కోతుల బెడద ఉన్నాయి. దాడి, నష్టం, నియమం అన్న మాటలు చెవిన పడగానే, వెంట వస్తానని దిగాడు.

జైపాల్ గుమ్మంలోనే నిలబడి గొంతు ఎత్తాడు. "ఇగో, అందరి ముందట అడుగుతున్న! దాడి జరిగింది. తగిలింది. నా కండ్లతోని చూసిన. తగిలినంక గూడ నష్టం కాలేదంటే ఎట్ల? నాలుగు నెలల సంది జవాబు లేదు!"

చప్పట్లు మోగాయి. వచ్చినప్పటి నుంచి తమ మాటను ఇంత ధైర్యంగా అడిగినవాడు లేడు. ఎవరో కుర్చీ వేశారు, ఇంకెవరో మంచినీళ్లిచ్చారు. తనవైపు ఇంత జనం ఉన్నారని జైపాల్ కలలో కూడా అనుకోలేదు. ఛాతీ ఉబ్బింది.

"మంచిగ అడిగినవ్ కొడుకా," అంది రాములవ్వ. "నీ దిక్కు గూడ కోతులేనా?"

"కోతులు కాదవ్వా, ఏనుగు!"

హాల్లో కలకలం రేగింది. "సిరిసిల్ల దిక్కు ఏనుగులు గూడ దిగినయా?" అన్నాడు పిక్క మీద గాటున్నతను, కాలు దగ్గరికి లాక్కుంటూ.

"ఒక్కటే. సచ్చింది. నేనే కొట్టిన, ఒక్క బాణంతోని."

"ఏనుగును సంపినవా! కేసు కాలేదా?"

"గదే గద పంచాది! సావలేదంటడు మా బామ్మర్ది!" అని జైపాల్ వేలు పెట్టి అరవింద్‌ను చూపించాడు. అందరూ ఆఫీసరు వైపు తిరిగారు. ఆఫీసరు కళ్లు మూసుకొని వక్క నములుతున్నాడు.

"మరి పీనుగ యాడున్నది?" అన్నాడు దేవయ్య.

జైపాల్ చొక్కా జేబులో చెయ్యిపెట్టి బొటనవేలంత ఏనుగును తీసి బల్ల మీద పెట్టాడు. ఇరవై ఏడు తలలు దాని మీదికి వంగాయి. దేవయ్య మాత్రం ఏనుగును చూసి, దాని చుట్టూ ఉన్న ఎర్రముఖాల బొమ్మలను చూసి, ఆఫీసరును చూసి, మీసం చాటున నవ్వుకున్నాడు. ఎవరికీ ఏమీ చెప్పకుండా, బల్ల చివర ఉన్న నియమాల కాగితం తీసి కండ్లద్దాలు పెట్టుకున్నాడు.

రాములవ్వకు ఏనుగుతో పని లేదు. ఆమె చూపు సిపాయిల మీద పడింది. "కోతులను మంచిగనే చేసిన్రు. మూతులు ఎర్రగ, అచ్చం గట్లనే." గోళ్ల రంగు వేసిన మనిషి ఉప్మా గిన్నె వెనక తల దించుకుంది. రాములవ్వ ఆరు బొమ్మలు ఏరి, అట్ట మీది వాగు ఒడ్డున వరసగా పెట్టింది. "ఇగో, మేడం, మొన్న మా చేను మీద పడ్డది చూపిస్త, రాసుకో. ఆరు కోతులు గిట్లకెల్లి అచ్చినయ్. అచ్చినయన్ని దిగలే. నాలుగు దిగినయ్, రెండు గెట్టు మీదనే కూసున్నయ్."

"ఏవి దిగినయో ఎట్ల తెలుసుడు?" అన్నాడు జైపాల్ అప్రయత్నంగా.

దేవయ్య కాగితంలోంచి తల ఎత్తకుండా చదివాడు. "ఆరో నియమం. దాడి చేయు ప్రతి బొమ్మకు ఒక పాచిక. నాలుగు, ఐదు, ఆరు పడిన తగిలినట్టు. ఇగో అవ్వా, కోతికొకటి ఎయ్యి. నాలుగు గాని ఎక్కువ గాని పడితె దిగినట్టు, తక్కువ పడితె గెట్టు మీదనే." 

రాములవ్వ పాచికలు విసిరింది. మూడు కోతులు దిగాయి. రాజేశం లేచి బల్ల దగ్గరికొచ్చాడు. వెనక కుర్చీలో సృజన పెన్ను ఆగింది.

"ఏడో నియమం," అన్నాడు దేవయ్య. "దాడి తగిలిన బొమ్మకు నష్టం జరుగును."

"తప్పు!" అంది రాములవ్వ. "గది రాసినోనికి చేను లేనట్టున్నది."

అరవింద్ గొంతులో వక్క అడ్డంపడింది.

"దిగినయన్ని తెంపుతయా? ఒకటి పది కంకులు తెంపుతది, ఒకటి ఒక్కటే కొరికి పారేస్తది. దిగుడు వేరు, తెంపుడు వేరు. దిగినంక మల్ల చూడాలె ఎంత తెంపిందో. ఇగ కుక్క ఉన్నదనుకో. కుక్క మొరిగితె కోతి సావది, దిగకుంట ఉండది. కంకులు తక్కువ పోతయి, గంతే." ఆమె కొరికిన కంకిలోంచి మక్క గింజలు ఒలిచి చేను మీద పోసింది. "ఒక్క గింజ ఒక్క కంకి అనుకోండ్రి. దిగినదానికొక్కటి మల్ల పాచిక ఎయ్యండ్రి. ఎంత పడితె గన్ని గింజలు తియ్యాలె. కుక్క ఉంటె రెండు తగ్గాలె."

మూడేళ్లుగా అరవింద్ రాయాలని చూసి రాయలేకపోయిన నియమం అది. పదకొండు సార్లు కొట్టివేసి, పన్నెండోసారి కూడా తప్పుగా రాసిన నియమం. కంటనీరు వచ్చింది, కొంత వక్క వల్ల, కొంత సంతోషం వల్ల. బావ వైపు చూశాడు. జైపాల్ నోరు సగం తెరుచుకొని ఉంది.

"గిట్ల రాయొద్దా మరి!" అన్నాడు జైపాల్ చివరికి, గొంతు మామూలు మనిషి గొంతంత చేసి.

ఆ తర్వాత గంటసేపు హాల్లో ఎవరూ సభ మాట ఎత్తలేదు. కోతుల పక్షం దేవయ్య తీసుకున్నాడు. "తాటి మీదికెల్లి నాకు అన్ని అవుపడుతయి. మనిషి లేని గెట్టు చూసుకొనే అస్తయవి," అంటూ మూడుసార్లు చేను ఖాళీ చేశాడు. రైతులు విలుకాండ్లను కాపలాదారులు చేసుకొని ఎవరి చేను దగ్గర వాళ్లు నిలబడ్డారు, ఓడిపోయారు. నాలుగోసారి రాములవ్వ అందర్నీ తిట్టి, ముగ్గురు కాపలాదారులను వాగు దారి దగ్గర పెట్టి, మిగతావాళ్లను వంతులవారీగా తిప్పింది. దేవయ్యకు దక్కినవి రెండు గింజలు. హాలు ఈలలతో మోగింది. వనిత ఉప్మాను విస్తరాకుల్లో పిడికెడు పిడికెడు పెట్టి అందరికీ సరిపెట్టింది, ఎలా సరిపెట్టిందో ఆమెకే తెలియాలి.

అప్పుడు రాములవ్వ అరవింద్ వైపు తిరిగింది. ముఖం నిండా ఆశ. "ఇగ అంత సమజైంది సారూ. మరి కోతులను ఎప్పుడు పట్కపోతరు?"

అరవింద్ ఆ ముఖం వైపు చూశాడు, ఆ వెనక సృజన వైపు చూశాడు. ఇంకో పది నిమిషాలు ఊరుకుంటే పరీక్ష అయిపోతుంది. ఆట అచ్చవుతుంది. ఈమె బీర్‌పూర్‌కు పోయి, రాని మనుషుల కోసం వాగు దిక్కు చూస్తూ కూర్చుంటుంది. అతనికి తన మీద తనకే సిగ్గేసింది. కిటికీ దగ్గరికి పోయి వక్క ఉమ్మేశాడు.

"అవ్వా, నేను ఆఫీసరును కాను. జిరాక్సు దుకాణపోన్ని. ఇది నేను చేసిన ఆట. కాగితంల ఎర్ర సిరా పడలే, గందుకే మీకు గట్ల అర్థమైంది. కోతులను పట్టించుడు నా చేతిల లేదు. నన్ను మాఫ్ చెయ్యి."

అందరూ అతనివైపే చూశారు. రాములవ్వ కండ్లు చిన్నవయ్యాయి.

"అంటే కోతులను పట్కపోవు?"

"పోనవ్వా."

ఆమె అట్ట వైపు చూసింది. "సరే," అంది చివరికి. "మరి నా వంతు అచ్చింది, పాచిక ఎయ్యాలెనా వద్దా?"

దేవయ్య గట్టిగా నవ్వాడు. "నాకు ఏనుగును చూసినప్పుడే అనుమానమచ్చింది తమ్మీ. తర్వాత రూఢి అయింది. ఆఫీసరైతే రెండు గంటలు మా మాట ఇంటడా?"

రాజేశం మాత్రం తల గోక్కుంటూ నిలబడ్డాడు. తన 'కావచ్చు' ఎక్కడ రాలిపోయిందో అతనికి ఇప్పటికీ తెలియదు. కానీ అట్ట మీద వాగు దారిలో నిలబడ్డ ముగ్గురు కాపలాదారులను చూస్తుంటే అతనికి ఇంకో ఆలోచన వచ్చింది. "అవ్వా, మనయి ఆరు చేన్లు పక్క పక్కనే గద. మనం గూడ వాగు కాడ వంతులేసుకుంటే ఎట్లుంటది?"

"గిప్పుడు సమజైందా నీకు?" అంది రాములవ్వ.

అరవింద్ అట్ట చుట్టేయడానికి చెయ్యి చాపాడు. మాట్లాడేశాడు, పరీక్ష పోయింది, అతని లెక్క ప్రకారం అంతే. సృజన లేచివచ్చి ఆ చేతిని ఆపింది.

"ఆగన్నా. నియమం చెప్పొద్దన్న గని నిజం చెప్పొద్దన్ననా?" ఆమె నోటుబుక్కు తిప్పి చూపించింది. నాలుగు పేజీల నిండా రాములవ్వ మాటలే ఉన్నాయి. "వీళ్లకు మీరు ఒక్క ముక్క చెప్పలే. కాగితం చదువుకున్నరు, తప్పు పట్టిన్రు, దిద్దిన్రు, నాలుగు ఆటలు ఆడిన్రు. నాకు గీ ఆటనే కావాలె. ఖిల్లా తీసెయ్యండి, చేను పెట్టండి."

అరవింద్ ఏదో అనబోయాడు కానీ మాట రాలేదు. ఆ రోజు వక్క లేకుండా అతనికి మాట రాకపోవడం అదే మొదలని వనిత తర్వాత అందరికీ చెప్పింది.

సర్దుకునే వేళకు జైపాల్ ఏనుగును బావమరిది చేతిలో పెట్టాడు. "ఇగో. దాడి తగిలింది, గది పక్కా. నష్టం ఇప్పుడు చూసుకో." అరవింద్ పాచిక వేశాడు. ఒకటి పడింది. ఏనుగుకున్న ఐదు ప్రాణాల్లో ఒక్కటే పోయింది. నాలుగు నెలల తర్వాత ఏనుగు బతికింది. జైపాల్ పాచికను తీసి అటూ ఇటూ తిప్పి చూసి, "ఆకలైతుంది, ఇంటికి పోదాం పా," అన్నాడు.

దసరాకు ఆట అచ్చయి వచ్చింది. పేరు మక్కచేను. డబ్బా మీద ఎర్ర అక్షరాలు పడ్డాయో లేదో అరవింద్ మూడుసార్లు చూసుకున్నాడు. లోపల ఏడో నియమం రాములవ్వ చెప్పింది చెప్పినట్టే ఉంది: 'దిగుడు వేరు, తెంపుడు వేరు.' బీర్‌పూర్‌లో ఆరు చేన్లవాళ్లు వాగు దగ్గర వంతులు వేసుకున్నారు. కోతులు ఇంకా వస్తూనే ఉన్నాయి, కానీ రాములవ్వ ఈసారి అరవింద్‌కు పంపిన సంచిలో కంకులన్నీ కొరకనివే.

కొత్త ఆటలో ఏనుగు లేదు. చచ్చింది కాబట్టే లేదని జైపాల్ సిరిసిల్లలో అందరికీ చెబుతున్నాడు.